యూవీలో (అతినీలలోహిత కాంతిలో) తీస్తే తంగేడు ఆకులు తెల్లగా వస్తున్నాయి, తప్పెక్కడ?

ఓర్వకల్లు_రాయి:
అన్నలూ, పాత మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి ఉంటే సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయించి ఫుల్ స్పెక్ట్రమ్ (కంటికి కనిపించని వెలుగు కూడా పడేలా) చేయించాను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన జడ్‌డబ్ల్యూబీ2 అనే, యూవీని మాత్రమే వదలాల్సిన ఫిల్టర్ గాజు, కెమెరాతో వచ్చే మామూలు కిట్ లెన్స్, అంతే. ఆదివారం పదకొండు గంటల ఎండలో ఓర్వకల్లు రాళ్ళ దగ్గర తంగేడు, పల్లేరు పూలు తీశాను. తేనెటీగకు కనిపించే గుర్తులేవో బయటపడతాయనుకుంటే పువ్వంతా ఒకటే తెలుపు, ఆకులూ సున్నం కొట్టినట్టు తెలుపే. మా చెల్లెలు చూసి ‘బ్లాక్ అండ్ వైట్ చేశావా’ అంది. మోకాలికి పల్లేరుకాయలు గుచ్చుకోవడం తప్ప మిగిలిందేమీ లేదు.

కడప_మాక్రో:
తమ్ముడూ, నువ్వు తీసింది యూవీ కాదు, ఇన్‌ఫ్రారెడ్, అంటే ఎరుపుకు అవతల కంటికి కనిపించని వెలుగు. ఆకులే పట్టిచ్చాయి. పచ్చటి ఆకు యూవీలో నల్లగా రావాలి, ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే తెల్లగా మెరుస్తుంది. ఆ గాజు 365 నానోమీటర్ల దగ్గర యూవీని వదులుతుంది, బానే ఉంది, కానీ 700 దగ్గర దానికి ఇంకో కంత ఉంది. సెన్సర్‌కు యూవీ కనిపించేదే అంతంతమాత్రం, ఇన్‌ఫ్రారెడ్ మాత్రం బాగా కనిపిస్తుంది, అందుకే ఆ కంతలోంచి కొంచెం వచ్చినా ఫొటో మొత్తాన్ని మింగేస్తుంది. దానికి తోడుగా ఎస్8612 లాంటి ఇన్‌ఫ్రారెడ్ ఆపే గాజు బిగించు. బాడర్ యూ ఫిల్టర్ అయితే ఒక్కటే చాలు, ధర మాత్రం కూర్చుని చూడు. అనుమానముంటే చేతి మీద సన్‌స్క్రీన్ రాసి తియ్యి. యూవీ అయితే రాసినచోట నల్లటి మరక పడుతుంది.

ఓర్వకల్లు_రాయి:
ఇప్పుడే మేడెక్కి అమ్మ సన్‌స్క్రీన్‌తో చూశాను అన్నా, మరకా లేదు, ఏమీ లేదు. లెన్స్ కూడా మార్చాలా?

అనంత_పాతలెన్స్:
మార్చాలి. కొత్త లెన్సుల కోటింగులూ, లోపల అతికించిన గాజులూ యూవీని చాలావరకు ఆపేస్తాయి. పాత స్టూడియోల్లో ప్రింట్లు వేసే ఎన్‌లార్జర్ లెన్సు కోసం అడుగు. నాది అనంతపురంలో మూతపడ్డ స్టూడియో ఆయన అటక మీంచి తీసిచ్చిన 80 ఎంఎం ఎల్-నిక్కోర్, పాత లోహపు బాడీది, బూజు దులిపితే చాలు పనిచేసింది. వైట్ బ్యాలెన్స్‌కి (కెమెరాకు తెలుపేదో చూపించడానికి) తెల్లకాగితం పెట్టొద్దు, అది తెల్లగా కనబడడానికి కలిపే మందు యూవీని పీల్చేస్తుంది. ప్లంబర్లు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు అట్టముక్కకు నాలుగైదు పొరలు చుట్టి పెట్టు. ఎక్స్‌పోజర్, అంటే సెన్సర్ మీద వెలుగు పడే టైమ్, సెకన్లలో ఉంటుంది కాబట్టి కాడను బట్టల క్లిప్పుతో పుల్లకు బిగించు, లేకపోతే మన గాలికి పువ్వు కాదు, పొగ వస్తుంది.

ఇంకోటి, ముందే తంగేడు ఎందుకు? పొద్దుతిరుగుడు చేలోకి పో. మన కంటికి రేక మొత్తం పసుపే, యూవీలో మొదళ్ళు నల్లగా, కొసలు తెల్లగా, మధ్యలో పెద్ద నల్లటి చక్రంలా కనిపిస్తుంది. ఆ చక్రం పడితే నీ సామాను సరిగ్గా ఉన్నట్టు. తర్వాత తంగేడులో ఏమీ కనిపించకపోయినా నమ్మొచ్చు.

రాత్రిడ్యూటీ:
ఇంత తలనొప్పి ఎందుకు, రాత్రిపూట యూవీ టార్చి కొట్టి తీస్తే పోలా?

కడప_మాక్రో:
అది ఫ్లోరసెన్స్ బ్రో, యూవీ పడితే పువ్వు తిరిగి వదిలే మామూలు వెలుగు. చూడ్డానికి సూపర్‌గా ఉంటుంది, కానీ తేనెటీగ పగలు చూసేది అది కాదు. టార్చి వాడితే యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకో.

ఓర్వకల్లు_రాయి:
టెఫ్లాన్ టేపు మా కొళాయి దగ్గరే దొరికింది. ఎస్8612 ఆర్డర్ పెట్టాను. నంద్యాల రోడ్డులో పొద్దుతిరుగుడు చేను ఎవరిదైనా తెలిస్తే చెప్పండి, క్లిప్పులూ పుల్లలతో చేలోకి దిగితే రైతు ఏమనుకుంటాడో అని కొంచెం టెన్షన్‌గా ఉంది.