కొట్టు ఫోన్ ఏఐ గొంతు ఎత్తితే తప్పేటి? బరంపురం నుంచి అడుగుతున్నా

అప్పడాలకొట్టు_బరంపురం
మాది ఒడిశా బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ల కొట్టు. నేను, మా అత్తగారు, ఇద్దరు పనమ్మాయిలు అంతే. ఆవకాయ రోజుల్లో చేతులు కారంలో ఉన్నప్పుడే ఫోన్ మోగుతుంది, కడుక్కుని వచ్చేసరికి కట్ అయిపోతుంది, తిరిగి చేస్తే వేరే కొట్లో చెప్పేశామండి అంటారు. మొన్న శనివారం ఒక్కరోజే 17 మిస్డ్ కాల్స్. ఒక కంపెనీ కుర్రాడొచ్చి ఏఐ వాయిస్ ఏజెంట్ పెట్టుకోండి, తెలుగు ఒడియా హిందీ మూడూ మాట్లాడుతుంది, నిమిషానికి ఇంత అని చెప్పి వెళ్లాడు. అత్తగారేమో మన కొట్టుకి చేసినవాళ్లు మన గొంతే వినాలి, మిషన్‌తో మాట్లాడిస్తే గుమ్మంలోకి వచ్చినవాళ్లని పలకరించనట్టే అంటారు. నాకైతే పెట్టాలనే ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

జయపురం_బట్టలు
వద్దండి. మన దగ్గర కొనేవాళ్లు సగంమంది ఖాతా వాళ్లు. "మొన్నటి బాకీ పండక్కి ఇస్తా, ఇంకో చీర పంపు" అంటే మిషన్ ఏం చెప్తుంది? ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఆపాలో నా బుర్రలో ఉంటుంది, పుస్తకంలో కూడా ఉండదు.

పర్లాకిమిడి_ల్యాబ్
నేను రెండు నెలలు వాడాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. ఎన్నింటికి తీస్తారు, షుగర్ టెస్టుకి ఎన్ని గంటలు ఏమీ తినకూడదు, ఆదివారం ఉంటారా, ఇలాంటివి బాగా చెప్పింది, రాత్రి పదింటికి చేసినా విసుక్కోకుండా చెప్పింది. దెబ్బ తిన్నది భాష దగ్గర. మనవాళ్లు ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగిస్తారు కదా, అది మొదటి మాట విని ఒడియా అనుకుంటే ఇంక తెలుగుని కూడా ఒడియాలాగే వినేది. ఒకాయన "కాలి రిపోర్టు" అన్నారు, నిన్నటి రిపోర్టు అని ఆయన ఉద్దేశం. ఒడియాలో కాలి అంటే నిన్న కూడా, రేపు కూడా. అది రేపటికి అపాయింట్‌మెంట్ రాసేసింది, ఆయన పాపం మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన. ఆరోజు నాకు చాలా బాధేసింది, సాయంత్రమే ఆపేశాను. మీకూ అంతే, అఢేయి కిలో అంటే రెండున్నర అని దానికి తెలియాలి, లేదంటే పార్సిల్ తప్పుతుంది.

రాయగడ_కోడ్
మాది రాయగడే, వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ పని. ఇది లోపల మూడు పనులు చేస్తుందండి. ముందు మీ మాటని అక్షరాల్లోకి మారుస్తుంది, ఆ అక్షరాలు చూసి ఏం చెప్పాలో భాషా మోడల్ అనే ఏఐ తయారు చేస్తుంది, దాన్ని మళ్లీ గొంతుగా మారుస్తుంది. మొదటి మెట్టులోనే తప్పు విన్నదంటే మిగతా రెండూ ఎంత బాగా చేసినా ఆ తప్పునే తియ్యగా చెప్తాయి, ల్యాబ్ అన్నయ్యకి జరిగింది అదే. పాత పద్ధతి ఫోన్ లైన్లో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకే గొంతు వెళ్తుంది, స, శ, ఫ లాంటివి అక్కడే సగం పోతాయి. పైగా మనుషులు ఒకరి మాట అయ్యాక ఇంకొకరు అందుకోవడానికి సెకనులో ఐదో వంతు చాలు, ఇది అంతకంటే ఆలస్యం చేస్తే పెద్దవాళ్లు "హలో హలో" అంటారు, ఆ హలోని కూడా అది కొత్త మాటగా తీసుకుంటుంది.

అయినా నేను పెట్టుకోమనే చెప్తా, కొన్ని జాగ్రత్తలతో. వచ్చే కాల్ ఎత్తడం వేరు, మీరే దాంతో వందమందికి ఫోన్ చేయించి ఆఫర్లు చెప్పించడం వేరు. రెండోది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన 2018 నిబంధనల కిందకొస్తుంది, మామూలు పదంకెల నంబర్ నుంచి అలా చేస్తే ఆ నంబర్లు కట్ చేస్తారు. ఆ కుర్రాడు అది కూడా అంటగడితే వద్దనండి. ఇంకోటి, 2024లో కెనడాలో ఎయిర్ కెనడా విమాన కంపెనీ చాట్‌బాట్ టికెట్ తగ్గింపు గురించి తప్పు చెప్తే, బాట్ మాటకి మాది బాధ్యత కాదని కంపెనీ వాదించింది, ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. అది రాసే బాటే అనుకోండి, గొంతుదైనా న్యాయం అదే అని నా ఉద్దేశం. మీ మిషన్ ఆవకాయ కిలో ఇంత అని చెప్పిందంటే అది మీరు చెప్పిన ధరే, అందుకే ధర చెప్పనివ్వకండి.

రిసెప్షన్_అక్క
ఈ ఫోన్లు ఎత్తే పని నాదే. బరంపురంలో ఒక క్లినిక్. గజపతి జిల్లా కొండల నుంచి సవరవాళ్లు చేస్తారు, ఒడియా సరిగ్గా రాదు, ఏం అడగాలో కూడా తెలీదు. ఒకసారి ఒకామె గురువారం డాక్టరుగారు ఉంటారా అని మాత్రమే అడిగింది, వెనకాల బిడ్డ ఏడుస్తున్న తీరు విని నేను గురువారం వద్దు తల్లీ ఇప్పుడే బయల్దేరు అన్నాను. మిషన్ ఐతే గురువారం పదింటికి రమ్మని మర్యాదగా చెప్పుండేది. జీతం పోతుందని భయం ఉంది, దాచను. కానీ ఆ బిడ్డ సంగతి కూడా చెప్పాలి కదా.

అప్పడాలకొట్టు_బరంపురం
అక్కా, ఆసుపత్రికి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడ మనిషే ఉండాలి, నేను వాదించను. నా కొట్లో ఆ 17 కాల్స్ ఎత్తడానికి ఎవరూ లేరు, జీతమిచ్చి పెట్టుకునే స్తోమత కూడా లేదు. కాబట్టి ఇలా అనుకుంటున్నా. ముందు మా ఫోనే మోగాలి, మేం ఎత్తకపోతేనే దానికి వెళ్లాలి. ఎత్తగానే ఇది మిషన్ గొంతు అని చెప్పాలి, పేరు, ఊరు, ఏం కావాలో, ఎప్పటికి కావాలో నాలుగే అడిగి నాకు వాట్సాప్‌లో పెట్టాలి. ధర లేదు, బాకీ మాట లేదు, డబ్బు పంపమనే మాట అసలు లేదు. సాయంత్రం నేనే చేతులు కడుక్కుని ఒక్కొక్కరికీ చేస్తా. కాలి సంగతేం చెయ్యాలన్నయ్యా?

పర్లాకిమిడి_ల్యాబ్
వారం పేరు అడిగించండి, సోమవారమా మంగళవారమా అని. కిలోలు తిరిగి చెప్పించి అవునా అని అడిగించండి. నేను ఈ రెండూ పెట్టుకోలేదు.

రాయగడ_కోడ్
ఎత్తకపోతే వెళ్లడానికి కాల్ ఫార్వర్డింగ్ కావాలి. మోసగాళ్లు దాన్ని వాడుకుంటున్నారని 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్ నొక్కి పెట్టుకునే పద్ధతిని టెలికాం శాఖ ఆపించింది, మీ సిమ్ కంపెనీనే అడగండి. ఎవరో ఫోన్లో చెప్పిన కోడ్ మాత్రం నొక్కొద్దు.

జయపురం_బట్టలు
ధర చెప్పకుండా, బాకీ మాట్లాడకుండా ఐతే సరే. అది చీటీ రాసి పెట్టే పని, అంతవరకు నాకూ అభ్యంతరం లేదు.

అప్పడాలకొట్టు_బరంపురం
అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను. ఆ కుర్రాడు ఆవిడ గొంతునే ఏఐతో తయారుచేస్తానన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు, నా గొంతు నేను అనని మాట ఎందుకు అనాలి అన్నారు. నాకూ అది సబబే అనిపించింది. మొదటి పలకరింపు మాత్రం ఆవిడే స్వయంగా తెలుగులో రికార్డు చేస్తానన్నారు, ఆ తర్వాతే మిషన్. ఒడియాది ఎవరూ లేరు, మా ఇద్దరి ఒడియా బజారు ఒడియా. రిసెప్షన్ అక్కా, మీరు చెప్పిపెడతారా? ఊరికే అడగట్లేదు, డబ్బులిస్తాను.

రిసెప్షన్_అక్క
ఏం చెప్పాలో రాసి పంపండి. డబ్బులొద్దు, ఒక సీసా ఆవకాయ ఇవ్వండి. ఇది మిషన్ అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి, అలా ఐతేనే చెప్తా.