పాత హాళ్లు పోయాయని బాధపడాలా? బెజవాడ, గుంటూరు కూల్చివేతల మీద చర్చ

గవర్నర్‌పేట వాసి:
మొన్న ఇక్కడ ఒకరు పాత బందరు రోడ్డు ఫోటో పెడితే కింద పెద్ద గొడవే అయింది. సగం మంది ఆ రోజులే వేరన్నారు. మిగతా సగం మంది, పాతవి పడగొట్టకపోతే కొత్తవి ఎక్కడ కడతారు, రోడ్లు కావాలా వద్దా అని ఎదురు తిరిగారు. అక్కడ ఏదీ తేలలేదు కాబట్టి విడిగా అడుగుతున్నా. మన ఊళ్లో పాత సినిమా హాళ్లు, పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, గాంధీ కొండ మీద బొమ్మ రైలు, ఇవన్నీ పోయాయని బాధపడటంలో న్యాయం ఉందా లేదా?

ఉందనే నా మాట. 1921 సంగతే తీసుకోండి. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి, పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. ఆ జ్ఞాపకంతో ముడిపడిన విక్టోరియా జూబిలీ మ్యూజియాన్ని బాపు మ్యూజియంగా పేరు మార్చి, బాగు చేసి, పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తున్నాం. చాలా మంచి పని. అదే ఏడాది, అదే ఊళ్లో, పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ హాలు కట్టారు. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి సినిమా హాలు అది. తెలుగు సినిమాకి రాజధాని అని చెప్పుకునే ఊరికి అంతకంటే పెద్ద గుర్తు ఇంకేం కావాలి? ఇవాళ వన్ టౌన్ కుర్రాణ్ణి ఎవర్నైనా ఆపి అడగండి, అది ఎక్కడుండేదో చెప్పగలడేమో. జెండా చరిత్ర అయితే సినిమా చరిత్ర కాదా?

రీలు డబ్బా:
మా నాన్న ప్రొజెక్టర్ ఆపరేటర్. గవర్నర్‌పేటలో ఒక హాల్లో చేసేవారు, పేరు వద్దులెండి. కాబట్టి ఈ విషయంలో నాకంటే ఎక్కువ బాధపడే హక్కు ఇక్కడ ఎవరికీ లేదనుకుంటా, అయినా నేను బాధపడను. ఎందుకో చెబుతా.

ఆ క్యాబిన్ చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? రెండు ప్రొజెక్టర్లు, లోపల రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెడితే మధ్యలో మండే వెలుగే తెర మీద బొమ్మ. కడ్డీ అరిగిపోయే కొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే బొమ్మ పచ్చబడిపోతుంది. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. రీలు అయిపోయే ముందు తెర మీద కుడి పక్క పై మూలన చిన్న చుక్క పడుతుంది, అది చూడగానే రెండో మిషన్ తిప్పాలి, మళ్లీ చుక్క పడగానే దీన్ని మూసి దాన్ని తెరవాలి. కింద జనం ఈలలు వేస్తుంటే మా నాన్న హీరో మొహం చూసేవారు కాదు, ఆ మూలే చూసేవారు. మే నెలలో ఆ వేడికి బనీను పిండితే నీళ్లు కారేవి. అంత చేసి ఇంటికి తెచ్చిన జీతం గురించి నేను చెప్పను.

హాలు ఓనరు పరిస్థితి కూడా చూడండి. డిజిటల్ వచ్చాక ప్రొజెక్షన్‌కి వారం వారం కట్టుకోవాలి, కరెంటు బిల్లు, జీఎస్టీ, పైగా 2021 ఏప్రిల్‌లో జీవో 35తో టికెట్ రేట్లు తగ్గించినప్పుడు ఎంతమంది తాళాలు వేసుకున్నారో అందరం చూశాం. ఏడాది తర్వాత రేట్లు మార్చారు నిజమే, ఈలోపు అప్పు ఆగుతుందా? హాలు స్థలంలో కాంప్లెక్స్ కడితే నెల తిరక్కుండా అద్దెలొస్తాయి. అయ్యో మా టాకీసు అనేవాళ్లు చివరి అయిదేళ్లలో అందులో ఎన్ని సినిమాలు చూశారో చెప్పమనండి. అది ఒకరి ఆస్తి అండీ. మన జ్ఞాపకం కోసం ఆయన నష్టపోవాలనడం తప్పు.

సత్యనారాయణపురం అమ్మాయి:
రీలు డబ్బా గారూ, నాన్నగారి గురించి రాసింది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. హాళ్ల విషయంలో మీతోనే ఉంటాను కానీ నా కారణం వేరు.

మగవాళ్లు నేల టికెట్టు, బెంచీ టికెట్టు అని మురిసిపోతూ రాస్తుంటే నాకు ఆడవాళ్ల క్యూ గుర్తొస్తుంది. రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టేంత సందు, పైన ఇనప చువ్వలు, అవతల కౌంటర్ తెరిచేదాకా కదలడానికి లేదు. లోపలికెళ్తే బాత్రూమ్‌కి తలుపు ఉంటే గడియ ఉండదు. లైట్లు ఆరిన దగ్గర్నుంచి వెనక సీటు వాడి కాలు ఎక్కడుందో చూసుకుంటూ కూర్చోవాలి. మా అమ్మ జీవితంలో సెకండ్ షో చూసింది లేదు. ఆ హాళ్లు పోయినందుకు నాకు చుక్క కన్నీరు రాదు, ఇప్పుడు మల్టీప్లెక్స్‌కి మేం నలుగురు ఆడవాళ్లం రాత్రి షోకి వెళ్లి ఆటోలో ఇంటికొస్తున్నాం.

కానీ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ విషయం అలా కాదు. ప్రతి జనవరి 1 నుంచి పదకొండు రోజులు అక్కడ పుస్తక మహోత్సవం జరిగేది. ఇంట్లో ఎవర్నీ తోడు అడక్కుండా, ఎవరి అనుమతీ లేకుండా నేను వెళ్లగలిగిన మొదటి చోటు అది. టికెట్టు లేదు, ఎందుకొచ్చావ్ అనేవాడు లేడు. సాయంత్రం నాలుగింటికి వెళ్తే దుమ్ము కొట్టుకుపోయి ఎనిమిదింటికి బయటికొచ్చేదాన్ని. డబ్బుల్లేకపోతే స్టాల్ దగ్గర నిలబడే సగం పుస్తకం చదివేసేదాన్ని, ఆ అబ్బాయిలు కూడా ఏమీ అనేవాళ్లు కాదు. బాధపడితే దానికి బాధపడాలి.

లబ్బీపేట కుర్రోడు:
అక్కా, ఒక్క మాట. ఆ గ్రౌండ్ ఎక్కడికీ పోలేదు. 2024 జనవరి 19న అక్కడ అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. మా వాళ్లకి అది విగ్రహం ఒక్కటే కాదు. ఇదివరకు ఆ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పెడితే మా ఇంట్లో పిల్లలందరికీ లోపలికి టికెట్లు కొనే స్తోమత లేక జెయింట్ వీల్‌ని రోడ్డు మీద నుంచే చూపించి తీసుకొచ్చేసేవాళ్లు. ఇప్పుడు మా అమ్మమ్మ ఊరి నుంచి వస్తే మొదట అక్కడికే తీసుకెళ్లమంటుంది. బందరు రోడ్డు మీద, ఊరి నడిబొడ్డున, 18 ఎకరాలకు పైగా స్థలంలో ఆయన నిలబడి ఉంటే మేం తలెత్తి చూస్తున్నాం. దీన్ని పోగొట్టుకున్నవాటి లిస్టులో వేస్తే మనసు కష్టంగా ఉంటుంది.

సత్యనారాయణపురం అమ్మాయి:
తమ్ముడూ, విగ్రహం వద్దని నేను అననే లేదు, అనను కూడా. నా ప్రశ్న కార్పొరేషన్‌కీ ప్రభుత్వానికీ. ఊరి మధ్యలో ఖాళీ మైదానం ఒక్కటే ఉన్నప్పుడు, దాన్ని ఇంకో మంచి పనికి వాడుకుంటే, దాని బదులు ఇంకో మైదానం చూపించాలి కదా? పుస్తక ప్రదర్శన పాలిటెక్నిక్ గ్రౌండ్‌కీ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతోంది. మీ అమ్మమ్మ గారికి ఆ చోటు దొరికింది, మంచిదే. పదిహేనేళ్ల ఆడపిల్ల ఒంటరిగా, ఖర్చు లేకుండా నాలుగు గంటలు గడిపే చోటు ఎక్కడో మీరే చెప్పండి.

లబ్బీపేట కుర్రోడు:
అదైతే ఒప్పుకుంటా అక్కా. మైదానం ఇంకోటి కావాల్సిందే. సింగ్‌నగర్ వైపు, పటమట వైపు ఒక్కొక్కటి ఉండాలి, అన్నీ బందరు రోడ్డు మీదే ఎందుకు.

బ్రాడీపేట 4వ లైను:
గుంటూరు నుంచి. మీ హాళ్లు, మైదానాలు సరే, మాకు శంకర్ విలాస్ బ్రిడ్జి గొడవ. 1958లో కట్టిన ఫ్లైఓవర్, 2025లో కూల్చి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. మా వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో పాత ఫోటో, బ్రిడ్జి మీద నుంచి రైళ్లు చూసిన కబుర్లు. షాపుల వాళ్లకి వ్యాపారం పోతుందన్న భయం ఉంది, అది నిజమైన భయమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ జ్ఞాపకాల కోసం ఆ బ్రిడ్జి ఉంచాలనేవాళ్లు ఒక్కసారి సాయంత్రం ఆరింటికి బ్రాడీపేట వైపు నుంచి జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, అంబులెన్స్‌లో కూర్చుని వెళ్లాల్సింది. నేను మా పెద్దనాన్నతో వెళ్లాను. సైరన్ మోగుతూనే ఉంది, ముందు ఆటో వాడు పక్కకి జరుగుదామన్నా జరగడానికి చోటు లేదు. ఆ ఇరుకు ఎవరికి తియ్యని జ్ఞాపకమో నాకు తెలియదు. ఇప్పుడు మూడు వంతెనల దారిలోనూ, కంకరగుంట వైపూ తిరిగి వెళ్తున్నాం, కష్టమే, పడతాం. త్వరగా కట్టండి అని మాత్రం అడుగుతాం.

గవర్నర్‌పేట వాసి:
మీ పెద్దనాన్న గారి విషయం చదివాక బ్రిడ్జి ఉంచమని ఎవరూ అనలేరు. నేనూ అనను. నా బాధ ఇరుకు పోయినందుకు కాదండీ. 67 ఏళ్లు ఊరిని మోసిన బ్రిడ్జిని కూల్చేముందు దాని కొలతలు, డ్రాయింగులు, ఫోటోలు ఎక్కడైనా అందరికీ దొరికేలా దాచారా అని అడగడం తప్పా?

సింగ్‌నగర్ ఇల్లాలు:
ఫోటోల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. ఆ మర్నాడే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, ఎప్పుడూ చూడనంత. టీవీల్లో అందరూ బ్యారేజీకి కొట్టుకున్న పడవల్ని చూస్తున్నారు, మేం మేడ మీద పాల ప్యాకెట్ కోసం చూస్తున్నాం. నీళ్లు దిగాక బీరువా తెరిస్తే ఆల్బమ్‌లు ఇటుకల్లా గట్టిపడ్డాయి. పేజీ విడదీస్తే రంగు అవతలి పేజీకి అంటుకుని వచ్చేసింది. అందులో గాంధీ కొండ బొమ్మ రైల్లో మా అత్తయ్య గారు, మామయ్య గారు కూర్చున్న ఫోటో ఉండేది. ఇప్పుడు రైలూ తిరగట్లేదు, ఫోటో కూడా లేదు. మా పిల్లాడు కొండ మీద రైలేంటమ్మా అంటున్నాడు, నేను కథ చెబుతున్నాననుకుంటున్నాడు.

అందుకే హాలు కూల్చొద్దు, బ్రిడ్జి కూల్చొద్దు అని నేను అడగను. ముందు బుడమేరు గట్లు గట్టిగా కట్టండి, అది మొదటి మాట. రెండోది, 1968లో జాకీర్ హుస్సేన్ గారు వచ్చి ఆవిష్కరించిన ఆ 52 అడుగుల స్తూపం చుట్టూ రైలు మళ్లీ తిప్పండి. అది ఎవరి సొంత ఆస్తీ కాదు, ఎవరికీ నష్టం లేదు, కొండ అక్కడే ఉంది. దానికి కావాల్సింది రిపేర్లు, అంతే.

రీలు డబ్బా:
మేడమ్ గారి మాట కరెక్టు. మనం కూల్చినవాటి గురించి కొట్టుకుంటూ, కూల్చకుండా వదిలేసినవాటిని మర్చిపోతున్నాం.

బందరు వాణ్ణి:
సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఈ వదిలేయడం బాగా తెలుసు. మా బందరులో పెద్ద పెద్ద కట్టడాల్ని ఎవరూ బుల్డోజర్ పెట్టి తియ్యలేదు. 1864 తుఫానుకి దాదాపు 30,000 మంది పోయారు, ఆ తర్వాత రేవు వైభవం మళ్లీ రాలేదు. 1977 ఉప్పెన దివిసీమని ఏం చేసిందో చెప్పక్కర్లేదు. మిగిలినదాన్ని ఉప్పుగాలి తింటోంది. కోట వైపు వెళ్తే గోడ మీద చెయ్యి వేసినా సున్నం రాలుతుంది. మీకు కనీసం పడగొట్టే రోజు ఒకటి ఉంటుంది, నలుగురు చేరి అడగొచ్చు. నెమ్మదిగా రాలిపోయేదాని కోసం ఎవరు ధర్నా చేస్తారు?

ప్లానింగ్ చదివినవాణ్ణి:
చట్టం సంగతి చెబితే చర్చకి పనికొస్తుందేమో. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడం కావాలంటే దానికి వందేళ్లు నిండి ఉండాలి. మొగల్రాజపురం గుహలు, అక్కన్న మాదన్న గుహలు అలా రక్షణలో ఉన్నాయి. కానీ బెజవాడ ఈ రూపానికి వచ్చింది 1940ల తర్వాత. రేడియో స్టేషన్ 1948, ప్రకాశం బ్యారేజీ 1957, గాంధీ కొండ స్తూపం 1968. మనం దేని గురించి బాధపడుతున్నామో చూడండి, దాదాపు అన్నీ ఆ ముప్పై ఏళ్లలో కట్టినవే. వందేళ్లు నిండేలోపు ఏదీ మిగలదు. కాబట్టి ఊరి స్థాయిలో ఒక జాబితా ఉండాలి. జాబితాలో ఉన్నదాన్ని కూల్చాలంటే కనీసం మూడు నెలల ముందు నోటీసు, ఆలోపు పూర్తి కొలతలు, ఫోటోలు. అంతకుమించి అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు.

రీలు డబ్బా:
నోటీసు అంటే మళ్లీ ఓనర్ నెత్తినే కదా సార్. మూడు నెలలు బ్యాంకు వడ్డీ ఎవరు కడతారు?

ప్లానింగ్ చదివినవాణ్ణి:
రోడ్డు విస్తరణలో స్థలం ఇచ్చినవాళ్లకి టీడీఆర్ బాండ్లు, అంటే కట్టుకునే హక్కును వేరే చోటికి మార్చుకునే పత్రాలు, ఇస్తున్నారు, ఆ బాండుతో వేరే చోట అదనపు అంతస్తు కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. పాత హాలు ముఖద్వారం వరకు ఉంచి వెనక కాంప్లెక్స్ కట్టుకునేవాళ్లకి కూడా అలాంటిది ఇవ్వమని అడగొచ్చు.

రీలు డబ్బా:
బాండు చేతికొచ్చాక కొనేవాడి కోసం ఏళ్లు తిరిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఆస్తి పన్ను అయిదేళ్లు తీసేస్తామంటే మాట్లాడండి, ఓనర్లు వింటారు. బాండంటే వినరు.

సత్యనారాయణపురం అమ్మాయి:
అది మీరిద్దరూ తేల్చండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, గాంధీ కొండ రైలు గురించి, ఖాళీ మైదానం గురించి రెండు అర్జీలు నేను రాస్తున్నా. హాళ్ల మాట అందులో పెట్టట్లేదు, అది మాత్రం ఎవరడిగినా పెట్టను. సింగ్‌నగర్ మేడమ్ గారూ, రైలు అర్జీలో మొదటి సంతకం మీది ఉండాలి. లబ్బీపేట తమ్ముడూ, మైదానం అర్జీకి మీ కాలనీ వాళ్ల సంతకాలు తెస్తావా?

లబ్బీపేట కుర్రోడు:
తెస్తా అక్కా. శనివారం సాయంత్రం లోపు. పటమట వైపు స్థలం పేరు ఏదైనా రాయాలా, లేక ఖాళీగా వదిలెయ్యాలా చెప్పండి.