డ్రైవ్‌లో ఫైలు చేరినా స్లాక్‌లో సందేశం రావడం లేదు

ప్రశ్న:
నమస్కారం. మాది విజయవాడలో పాఠ్యపుస్తకాల పేజీలు తయారుచేసే చిన్న బృందం. డీటీపీ చేసేవారు పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో ‘ప్రూఫ్‌కు’ అనే ఫోల్డరులో పెడితే, హైదరాబాదులోని ప్రూఫ్ రీడర్లకు స్లాక్ (బృందాలు సందేశాలు పంపుకునే యాప్) ఛానెల్‌లో తెలిసేలా యాప్స్ స్క్రిప్ట్ (గూగుల్ సేవల్లో పనులను వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాం) రాశాను. డ్రైవ్‌లో ఫైలు చేరగానే నడిచే ట్రిగ్గర్ అందులో లేదు కనుక, 5 నిమిషాలకోసారి స్క్రిప్ట్ నడిచేలా పెట్టి, కిందటిసారి తర్వాత తయారైన ఫైళ్ల పేర్లను పంపుతున్నాను. మూడు వారాలు బాగానే నడిచింది. నిన్న మాత్రం ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం నాలుగో పాఠం ఉదయం నుంచీ ఫోల్డరులో ఉన్నా ఛానెల్‌లోకి రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ప్రూఫ్ రీడరుగారు ఫోన్ చేసి అడిగితే గాని మాకు తెలియలేదు. ఎర్రర్ ఏదీ నమోదు కాలేదు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1:
ఆ ఫైలును వేరే ఫోల్డరు నుంచి జరిపారేమో చూడండి. అలా జరిపినప్పుడు ఫైలు తయారైన తేదీ మారదు. సోమవారం తయారైన ఫైలును నిన్న జరిపినా దాని మీద సోమవారం తేదీయే ఉంటుంది కనుక, మీ స్క్రిప్ట్ దాన్ని పాతదిగా లెక్కగట్టి వదిలేస్తుంది. తేదీని నమ్ముకోకండి. ఫైలు ఐడీ (ప్రతి ఫైలుకూ డ్రైవ్ ఇచ్చే ప్రత్యేక గుర్తు) మాత్రం పేరు మార్చినా, చోటు మార్చినా మారదు. పంపిన ఐడీలను ఒక షీట్‌లో రాసుకుంటూ, ఫోల్డరులో ఉండి షీట్‌లో లేనివాటినే పంపండి. స్క్రిప్ట్ ప్రాపర్టీస్‌లో (స్క్రిప్ట్ తన విలువలను దాచుకునే చోటు) ఒక్కో విలువ 9 కేబీ దాటకూడదు కాబట్టి షీటే మేలు.

జవాబు 2:
పై సలహా సరైనదే. అయితే ఐడీని ఎప్పుడు రాసుకుంటున్నారన్నది చాలా ముఖ్యం. స్లాక్ ఇన్‌కమింగ్ వెబ్‌హుక్‌కు (బయటి ప్రోగ్రాం ఛానెల్‌లోకి సందేశం పంపే చిరునామా) దాదాపు సెకనుకు ఒక సందేశమే పంపాలి. ఒక్కసారిగా ఇరవై పంపితే కొన్నింటిని 429 (మరీ ఎక్కువగా పంపుతున్నారు) అంటూ తిప్పికొట్టవచ్చు. ఐడీలను ముందే రాసేసుకుంటే, ఆ ఫైళ్లు వెళ్లకపోయినా వెళ్లినట్టే లెక్కలో పడిపోతాయి. అందుకని 200 (సందేశం అందింది) అన్న జవాబు వచ్చాకే రాయండి, ఒక విడతలో దొరికిన ఫైళ్లన్నిటినీ ఒకే సందేశంలో చేర్చండి. ఛానెల్ అదేపనిగా మోగుతుంటే ఎవరైనా మ్యూట్ చేసుకుంటారు, అప్పుడు ఈ శ్రమంతా వృథా. వెబ్‌హుక్ చిరునామా తెలిసిన ఎవరైనా మీ ఛానెల్‌లో రాయగలరు కాబట్టి, దాన్ని పదిమందికీ కనిపించే కోడ్‌లో ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిజంగానే ఆ పాఠాన్ని ‘దిద్దుబాటు’ ఫోల్డరు నుంచి జరిపారు. ఐడీల పద్ధతికి మార్చాను, ఇప్పుడు వస్తోంది. కానీ దిద్దిన పీడీఎఫ్‌ను అదే ఫైలుకు కొత్త వెర్షన్‌గా ఎక్కించినప్పుడు ఐడీ మారదు కదా, అది ప్రూఫ్ రీడర్లకు ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
ఐడీ పక్కనే ఎండీ5 చెక్‌సమ్‌ను (ఫైలు లోపలి విషయం నుంచి లెక్కగట్టే గుర్తు) కూడా రాసుకోండి. స్క్రిప్ట్‌లో అడ్వాన్స్‌డ్ డ్రైవ్ సర్వీస్‌ను చేర్చుకుంటే పీడీఎఫ్‌లకు అది దొరుకుతుంది, లోపలి విషయం మారితేనే మారుతుంది. ఐడీ పాతదై చెక్‌సమ్ కొత్తదైతే, పేరు ముందు ‘సవరించిన ప్రతి’ అని చేర్చి పంపండి. గూగుల్ డాక్స్ ఫైళ్లకు మాత్రం ఈ చెక్‌సమ్ ఉండదు.