ఉత్తరపు కిటికీలున్న చిన్న ఫ్లాటును స్కాండినేవియన్ పద్ధతిలో అమర్చుకోవడం ఎలా?

ప్రశ్న: షీస్తా కాపురం

అందరికీ నమస్కారం. స్టాక్‌హోమ్ ఉత్తర శివారైన షీస్తాలో 46 చదరపు మీటర్ల ఫ్లాటును గత సెప్టెంబరులో అద్దెకు తీసుకున్నాము. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేని వంటగది ఉన్నాయి. కిటికీలన్నీ ఉత్తరానికే తెరుచుకుంటాయి. గోడలకు రంగు వేసుకోవడానికి యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు.

ఒకసారి మావారి సహోద్యోగి ఇంటికి భోజనానికి వెళ్ళాము. మా ఇంటి కన్నా చిన్నదే అయినా ఆ ఇల్లు విశాలంగా, వెచ్చగా ఉంది. మా ఇల్లు కూడా అలాగే ఉండాలన్న కోరికతో గోడలన్నిటికీ అచ్చమైన తెలుపు వేయించి, తెల్లని అలమరలు, బూడిదరంగు సోఫా, అదే రంగు తివాచీ కొన్నాము. నవంబరు వచ్చేసరికి ఇల్లు ఆసుపత్రి వార్డులా కనబడసాగింది. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతోంది, హాలు నడిమధ్యన ఉన్న ఒకే ఒక్క దీపం వేస్తే గోడలు నీలంగా పాలిపోయి కనిపిస్తున్నాయి. దీనికి తోడు నాలుగేళ్ళ పాప ఆటవస్తువులు, మూడు పెద్ద సూట్‌కేసులు, పండుగలకు మాత్రమే తీసే గిన్నెలు ఎక్కడ పెట్టినా కంటికి అడ్డంగానే ఉంటున్నాయి. మే నెలలో మా అత్తయ్యగారు మూడు నెలలు ఉండడానికి వస్తున్నారు, ఆవిడ పడక హాలులోనే వేయాలి. మేము ఎక్కడ పొరపాటు చేశామో, తక్కువ ఖర్చుతో దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1: యోతెబోరి గృహిణి

షీస్తా కాపురం గారూ, మేము వచ్చిన మొదటి చలికాలంలో మా ఇల్లూ సరిగ్గా ఇలాగే ఉండేది. గోడల సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు దీపాలు మార్చండి. మన ఊళ్ళలో గదికి ఒక ట్యూబ్‌లైటు పైన బిగిస్తే చాలు, ఎందుకంటే పగలంతా ఎండ ఉంటుంది, రాత్రి కాసేపటికే దీపం అవసరం. ఇక్కడ డిసెంబరులో పగటి వెలుతురు ఆరు గంటలే, కాబట్టి చలికాలమంతా మనం బతికేది దీపాల వెలుగులోనే. అందుకే ఇక్కడివారు పైనుంచి ఒక్క పెద్ద దీపం వేయరు. కిటికీ గట్టు మీద ఒకటి, కుర్చీ పక్కన ఒకటి, భోజనాల బల్ల మీదికి బాగా కిందికి వేలాడుతూ ఒకటి, అలమర మీద ఒకటి, ఇలా చిన్న చిన్న దీపాలు ఐదారు పెట్టుకుంటారు. గది మూలల్లో కొంత నీడ మిగలడమే వారికి కావాలి, ఆ నీడ వల్లే గది లోతుగా కనిపిస్తుంది.

బల్బులు కొనేటప్పుడు పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉన్నదీ లేనిదీ చూడండి. కెల్విన్ అంటే వెలుగు ఛాయకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, వెచ్చగా ఉంటుంది. మీ హాలు దీపం బహుశా 4000 కెల్విన్లో, అంతకన్నా ఎక్కువో అయి ఉంటుంది, గోడలు నీలంగా కనబడుతున్నది అందువల్లే. బల్ల మీది దీపం అడుగు అంచు బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఎదురెదురుగా కూర్చున్నవారి ముఖాలు కనిపిస్తాయి, బల్బు మాత్రం కళ్ళలో పడదు. డెన్మార్కుకు చెందిన రూపశిల్పి పౌల్ హెన్నింగ్‌సెన్ దీపపు కాంతి కళ్ళను బాధించకుండా ఎలా పరుచుకోవాలనే విషయం మీదే దశాబ్దాల పాటు పనిచేశారు. ఆయన 1958లో రూపొందించిన పీహెచ్ 5 దీపంలో రేకులు ఒకదాని కింద ఒకటి అమరి ఉండి, ఏ వైపు నుంచి చూసినా బల్బును దాచేస్తాయి. అది ఖరీదైన వస్తువు. గుండ్రని కాగితపు దీపం కొన్నా మీ అవసరం తీరుతుంది, మా ఇంట్లో పదేళ్ళుగా అదే వెలుగుతోంది.

జవాబు 2: గదుల రూపశిల్పి

నేను ఇక్కడే గృహాంతర రూపకల్పన చదువుకుని అదే వృత్తిలో ఉన్నాను. దీపాల గురించి పైన చెప్పినదంతా నిజం. రంగు గురించి నేను కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే స్కాండినేవియన్ అంటే తెలుపూ బూడిదరంగూ అనే అభిప్రాయం చాలామందిని మీలాగే ఇబ్బంది పెడుతోంది.

దలార్నా ప్రాంతంలోని సుండ్‌బోర్న్ గ్రామంలో చిత్రకారుడు కార్ల్ లార్సన్, ఆయన భార్య కారిన్ ఉన్న ఇల్లు ఈనాటికీ సందర్శకుల కోసం తెరిచి ఉంది. ఆ ఇంటి నీటిరంగుల చిత్రాలు 1899లో పుస్తకంగా వచ్చాక స్వీడన్ గృహాలంకరణకు అదే ఆదర్శమైంది. అక్కడి భోజనాల గదిలో ఎరుపూ ఆకుపచ్చా నిండుగా ఉంటాయి, కారిన్ స్వయంగా నేసిన బట్టలు గదిగదినా కనిపిస్తాయి. వియన్నా నుంచి 1933లో వచ్చి ఇక్కడ స్థిరపడిన వాస్తుశిల్పి యోసెఫ్ ఫ్రాంక్, స్వెన్స్క్ట్ టెన్ అనే గృహాలంకరణ సంస్థ కోసం పూలూ ఆకులూ తీగలూ కిక్కిరిసిన బట్టలు గీశారు. ఒకే రంగుతో బోసిగా ఉన్న తలం కన్నా పూల నమూనాలున్న తలమే కంటికి విశ్రాంతినిస్తుందని ఆయన వాదన. మన చీరల కొంగులు చూసి పెరిగిన కంటికి ఆ మాట వెంటనే అర్థమవుతుందని నా నమ్మకం. లేత గోడలు ఈ సంప్రదాయంలో ఉన్నమాట నిజమే, అయితే అవి ఉన్నది కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురును గది లోపలికంటా చేర్చడానికి.

ఉత్తరపు వెలుతురులో నీలి ఛాయ ఎక్కువ. దాని మీద అచ్చమైన తెలుపు వేస్తే గోడ చల్లగా, నిర్జీవంగా కనిపిస్తుంది. రంగుల దుకాణంలో ఎస్ 0502-వై అని అడగండి. స్వీడన్ రంగుల పద్ధతిలో ఆ అంకెలకు నలుపు 5 శాతం, వర్ణం 2 శాతం అని అర్థం, చివరి అక్షరం పసుపును సూచిస్తుంది. చూడడానికి తెలుపే, వెచ్చదనం మాత్రం తేడాగా తెలుస్తుంది. హాలు వరకు వేసినా సరిపోతుంది.

సోఫా మార్చవద్దు, తివాచీ మార్చండి. ఇక్కడి పల్లెల్లో పాత బట్టలను పేలికలుగా చింపి మగ్గం మీద నేసే చారల చాపను 'త్రాస్‌మత్తా' అంటారు. మన ఇళ్ళలో పాత చీరలతో బొంత కుట్టే పొదుపు బుద్ధి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పాత వస్తువుల దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. అంతకన్నా మంచి మార్గం, మీ అత్తయ్యగారిని వచ్చేటప్పుడు ఒక వరంగల్ జంపఖానా తెమ్మని అడగడం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నూలు నేత ఇక్కడి చెక్క నేల మీద ఎంత సహజంగా ఒదిగిపోతుందంటే, మా ఇంట్లో చూసిన స్వీడన్ మిత్రులు అది తమ ప్రాంతపు నేతే అనుకున్నారు.

షీస్తా కాపురం

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ శనివారం హాలు దీపం తీసేసి మూడు చిన్న దీపాలు పెట్టాము, అప్పుడే గది వేరే ఇల్లులా ఉంది. ఇక సామాను సంగతి ఎవరైనా చెప్పగలరా? గోడకు అరలు కొడదామంటే మేకు దిగడం లేదు, కాంక్రీటు గోడలు.

జవాబు 3: చెక్కపని ఇష్టం

మీరు చూసి వచ్చిన ఇల్లు ఖాళీగా ఉండడానికి ముఖ్య కారణం మీకు కనబడి ఉండదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ప్రతి ఫ్లాటుకూ నేలమాళిగలోనో అటక మీదో తాళం వేసుకునే చిన్న సామాన్ల గది ఉంటుంది. చలికాలపు కోట్లు, స్కీలు, సూట్‌కేసులు అక్కడికి పోతాయి. మీ యజమాని తాళం ఇవ్వకపోతే తప్పకుండా అడగండి. సూట్‌కేసుల్లోనే పండుగ గిన్నెలు సర్ది అక్కడ పెడితే రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి.

అత్తయ్యగారి పడకకు 'షోక్‌సొఫా' అనే పాతకాలపు చెక్క బల్లసోఫా చూడండి. ఒకప్పుడు రైతుల ఇళ్ళలో పిల్లలు, పనివారు రాత్రిపూట దాన్ని లాగి పడుకునేవారు. పగలు మూత వేస్తే కూర్చోవడానికి పనికొస్తుంది, లోపల పరుపూ దుప్పట్లూ పడతాయి. మంచి పరుపు మాత్రం విడిగా కొనాలి, మూడు నెలలంటే పెద్దవారి నడుముకు పలచని మెత్త సరిపోదు. భోజనాల బల్ల రెక్కలు మడిచేదిగా ఉండాలి. స్వీడన్ రూపశిల్పి బ్రూనో మాత్సన్ 1936లో చేసిన మారియా బల్లను మడిస్తే జానెడు వెడల్పే ఉంటుంది, తెరిస్తే బంధువులంతా కూర్చోవచ్చు. ఆ నమూనాను అనుసరించిన చవక బల్లలు చాలా ఉన్నాయి.

కాంక్రీటు గోడలకు సుత్తిదెబ్బ డ్రిల్లు కావాలి, దానికీ యజమాని అనుమతి తీసుకోండి. ఇక్కడి రూపశిల్పి నిల్స్ స్ట్రిన్నింగ్ 1949లో రూపొందించిన స్ట్రింగ్ అరల వంటివి పెడితే నేల ఖాళీగా ఉంటుంది, పక్కలు సన్నని తీగలతో ఉండడం వల్ల గోడ కూడా కనిపిస్తుంది. కింది అర పాపకు వదిలేయండి. తనకు అందే ఎత్తులో చోటు ఉంటే పిల్లలు బొమ్మలు తిరిగి పెడతారు.

ఒక హెచ్చరిక కూడా. పోపు పొగ కోసం మోటారున్న చిమ్నీ కొని భవనపు ఉమ్మడి గాలి గొట్టానికి కలపవద్దు. చాలా భవనాల్లో అది నిషిద్ధం, పొగ పక్కవారి ఇంట్లోకి పోతుంది. బొగ్గు ఫిల్టరున్నది వాడండి.

జవాబు 4: యోతెబోరి గృహిణి

ఒక మాట మరిచాను. మీ అత్తయ్యగారు వచ్చేది మేలో కనుక ఆవిడకు ఎదురయ్యే ఇబ్బంది మీ చలికాలపు చీకటికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. జూన్‌లో స్టాక్‌హోమ్‌లో సూర్యుడు తెల్లవారుజామున మూడున్నరకే వచ్చేస్తాడు, రాత్రి పది దాటితే గాని అస్తమించడు. మొదటి వేసవిలో మా అమ్మ వారం రోజులు నిద్రలేక తలనొప్పితో బాధపడింది. హాలు కిటికీకి పలచని నూలు తెర ఉంచుకుని, దాని వెనక వెలుతురును పూర్తిగా ఆపే చుట్టుతెర ఒకటి ఏప్రిల్‌లోనే బిగించండి. కొనే ముందు కిటికీ చట్రం లోపలి వెడల్పును పైనా, నడుమా, కిందా మూడు చోట్ల కొలిచి, వాటిలో చిన్న కొలతనే దుకాణంలో చెప్పండి.