స్టూడియో డ్రాగన్ ఎదగడం కొరియా డ్రామాకు మేలా, కీడా?

రెల్లుపూలు · శనివారం ఉదయం 9:10

నిన్న ఒక పెళ్లి విందులో మా పిన్ని కూతురు, "కొరియా డ్రామాలన్నీ ఒక్క కంపెనీ చేతిలో పడ్డాక రుచి పోయింది" అంది. నలుగురిలో వాదించలేక ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ఒకప్పుడు కొరియాలో డ్రామా అంటే కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ మూడు చానళ్ల దయ. బయటి నిర్మాత తీసి ఇస్తే చానల్ ప్రసారం చేసి, హక్కుల్లో పెద్ద వాటా తనే ఉంచుకునేది. 2016 మే నెలలో సీజే ఈ అండ్ ఎం అనే వినోద సంస్థ తన డ్రామా విభాగాన్ని వేరు చేసి స్టూడియో డ్రాగన్ పెట్టింది. ఆ కంపెనీ మొదట ఏం కొన్నదో గమనించండి. కెమెరాలు కాదు, స్థలాలు కాదు. రచయితలున్న చిన్న సంస్థలను కొన్నది. కిమ్ ఉన్‌సుక్ ఉన్న హ్వా అండ్ డామ్, పార్క్ జిఉన్ ఉన్న కల్చర్ డిపో, కిమ్ యంగ్‌హ్యోన్, పార్క్ సాంగ్‌యోన్ జంట ఉన్న కేపీజే, ఈ మూడూ డ్రాగన్ పుట్టిన ఏడాదే. 2019లో నో హీగ్యోంగ్ ఉన్న జీటిస్ట్.

మనం సీను పేపరు అంటామే, కొరియాలోనూ దానికొక మాట ఉంది: జోక్‌దేబోన్. పొద్దున రాసిన పేజీ మధ్యాహ్నం సెట్టుకు వెళ్తుంది, ఆ వారమే తెర మీదికి వస్తుంది. అలా రాసిన కథ ఎంతని నిలబడుతుంది? డ్రాగన్ తీసిన మిస్టర్ సన్‌షైన్ 24 భాగాలు. 2018 జూలైలో ప్రసారమైంది, షూటింగ్ అంతకు నెలల ముందే మొదలైంది. ఖర్చు 4,300 కోట్ల వన్‌లు. ఆ నింపాది ప్రతి దృశ్యంలో కనిపిస్తుంది. నా మాట మేలు అనే.

గోదావరి గట్టు · 9:26

మేలే. క్రాష్ లాండింగ్ ఆన్ యూ ఒక్కటి చాలు. మా అమ్మ మోకాలి ఆపరేషన్ తరువాత మంచం మీద ఉన్న నెల రోజులూ దాన్నే చూసింది.

పద్దుపుస్తకం · 9:51

రెల్లుపూలు గారూ, ముందు ఒకటి తేల్చండి. డ్రాగన్ గొప్ప అనగానే అందరూ చెప్పేది గాబ్లిన్. కేబుల్ చానల్‌లో రేటింగ్ 20 శాతం దాటిన మొదటి డ్రామా. దాన్ని తీసింది హ్వా అండ్ డామ్. మొదలైంది 2016 డిసెంబరులో. అదే ఏడాది ఆ సంస్థను కొన్నారు. కాగుతున్న పాలను కొని, పొంగింది మా పొయ్యి మీదే అంటే ఎలా?

ఇక రెండోది. 2017 నవంబరులో కొరియా షేరు మార్కెట్టు కొస్‌డాక్‌లో డ్రాగన్ షేరును 35,000 వన్‌లకు అమ్మారు. 2018లో అది లక్ష దాటింది, 2024లో యాభై వేల కింద ఉంది. షేరు మార్కెట్టుకెక్కిన కంపెనీ ప్రతి మూడు నెలలకూ లెక్క చూపించాలి. రచయితకు నింపాది ఎంతకాలం దొరుకుతుంది?

రెల్లుపూలు · 10:15

రచయితను కొన్నారంటే పొయ్యినే కొన్నట్టు కాదా? కల్చర్ డిపో పార్క్ జిఉన్ గారు డ్రాగన్‌లోకి వచ్చాక రాసిన క్రాష్ లాండింగ్ 2020లో 21.7 శాతంతో ముగిసింది. 2024లో క్వీన్ ఆఫ్ టియర్స్ 24.8తో సీజే వాళ్ల కేబుల్ చానల్ టీవీఎన్ రికార్డులన్నీ దాటింది. వీటిని ఎవరి ఖాతాలో వేస్తారు?

పద్దుపుస్తకం · 10:22

నేనడిగింది గాబ్లిన్ గురించి.

మధ్యాహ్నపు ఎండ · 10:40

స్క్విడ్ గేమ్ కూడా వీళ్లదేనా? తెలుగు డబ్బింగ్‌లో చూశాను.

పద్దుపుస్తకం · 10:44

కాదండీ, అది సైరన్ పిక్చర్స్ తీసింది. కానీ మంచి చోటికి తెచ్చారు. నెట్‌ఫ్లిక్స్ కోసమే తీసే డ్రామాల్లో నిర్మాతకు ఖర్చు, దాని మీద కొంత లాభం వస్తాయి. డ్రామా లోకమంతా ఆడినా ఆ పైన వచ్చేది నిర్మాతది కాదు. డ్రాగన్ తీసిన స్వీట్ హోమ్, ద గ్లోరీ అలాంటివే. 2019 నవంబరులో సీజే, నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం చేసుకున్నాయి. 2020 నుంచి మూడేళ్లలో 21 డ్రామాలకు తక్కువ కాకుండా ఇవ్వాలి. డ్రాగన్‌లో 4.99 శాతం వాటా కూడా నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. మూడు చానళ్ల దయ నుంచి బయటపడి నాలుగో ఇంటి గుమ్మం ఎక్కారు, అంతే.

కాల్‌షీటు · 11:30

హైదరాబాదులో సీరియళ్లకు తొమ్మిదేళ్లు అసిస్టెంట్ డైరెక్టరుగా, ఆ తరువాత కో-డైరెక్టరుగా పనిచేసి మానుకున్న మనిషిని. పొద్దుటి నుంచి చదువుతున్నాను. రచయితలు వచ్చారు, షేరు ధర వచ్చింది, నెట్‌ఫ్లిక్స్ వచ్చింది. లైటు మోసే మనిషి ఇంతవరకూ రాలేదు.

2019 ఏప్రిల్. ఆర్త్‌డాల్ క్రానికల్స్, డ్రాగన్ తీసినది, ఖర్చు 5,400 కోట్ల వన్‌లు. ఆ సిబ్బంది తరఫున వాళ్ల యూనియన్, హాన్‌బిత్ మీడియా కార్మిక హక్కుల కేంద్రం కలిసి కార్మిక శాఖకు ఫిర్యాదు చేశాయి. బ్రూనై షెడ్యూలులో ఏడు రోజులు సెలవు లేకుండా 151 గంటల 30 నిమిషాలు పని చేయించారని అందులో ఉంది.

హాన్‌బిత్ అన్నది ఒక యువకుడి పేరు. సీజే ఈ అండ్ ఎంలో అసిస్టెంట్ డైరెక్టరు. 2016 అక్టోబరులో, తాను పనిచేసిన టీవీఎన్ డ్రామా ముగిసిన వెంటనే ప్రాణం తీసుకున్నాడు. అలసిపోయిన సిబ్బందిని మళ్లీ పనిలోకి లాక్కురావడం తనకు భరించరానిదైందని రాసి వెళ్లాడు. 2017 జూన్‌లో కంపెనీ క్షమాపణ చెప్పింది. డ్రాగన్ ఏ ఇంట్లో పుట్టిందో, ఏ ఏడాది పుట్టిందో ఒకసారి చూసుకోండి.

పద్దుపుస్తకం · 11:48

కాల్‌షీటు గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఏడు రోజులకు ఉన్నవే 168 గంటలు. 151న్నర తీసేస్తే పదహారున్నర మిగులుతాయి. రోజుకు రెండు గంటల ఇరవై నిమిషాల నిద్రతో వారం రోజులు ఎవరైనా నిలబడగలరా? ఆ లెక్కలో ఎక్కడో తేడా ఉంది.

కాల్‌షీటు · 11:55

నిలబడగలరు. నేను నిలబడ్డాను.

రెల్లుపూలు · 12:20

ఫిర్యాదు వేరు, రుజువు వేరు. రాసేటప్పుడు ఆరోపణ అనే రాయాలి. ప్రయాణం, ఊరికే వేచి ఉన్న సమయం కూడా అందులో కలిపారేమో. ఒక్క షెడ్యూలు పట్టుకుని ఒక కళ తలరాత మార్చిన సంస్థను తీసిపారేయడం న్యాయం కాదు. సెట్టులో కష్టం లేని డ్రామా ఏ దేశంలో ఉంది చెప్పండి?

కాల్‌షీటు · 12:41

ఊరికే వేచి ఉన్న సమయమా?

ఒక రోజు చెబుతాను. ఊరి బయట ఇంటి సెట్టు. ఉదయం ఆరుకు యూనిట్ దిగింది. సీను పేపరు రాలేదు. తొమ్మిది, పదకొండు, పన్నెండు. ఆర్టిస్టులు ఏసీ గదిలో, లైట్‌బాయ్‌లు రేకుల షెడ్డు కింద. ఎవరూ ఇంటికి పోవడానికి లేదు, పడుకోవడానికి చోటు లేదు. రెండు గంటలకు పేపరు వచ్చింది. రాత్రి ఒంటి గంటకు ప్యాకప్. బత్తా మాత్రం ఒక్క కాల్‌షీటుదే, అంటే ఒక్క షిఫ్టుదే. పదకొండున్నరకు కేబుల్ చుట్ట మీద తల పెట్టి నిద్రపోతున్న కుర్రవాణ్ని భుజం తట్టి లేపింది నేనే. అది నా ఉద్యోగం. ఆ రాత్రే బండి మీద ఇంటికి వెళ్తూ డివైడర్‌ను గుద్దుకున్నాడు, కాలు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రి ఖర్చుకు కంపెనీ ఇచ్చింది మూడు వేలు.

మీరు ఊరికే అన్న ఆ ఎనిమిది గంటలు అతను కూడా పనిలోనే ఉన్నాడమ్మా. ఆ కొరియా కుర్రవాడు రాసి వెళ్లిన విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

గోదావరి గట్టు · 12:50

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. మనం డ్రామా చూసేవాళ్లం, తీసేవాళ్లం కాదు.

రెల్లుపూలు · 1:35

గట్టు గారూ, నేను చూసేదాన్ని మాత్రమే కాదు.

కాల్‌షీటు గారూ, ఆ రెండు గంటలకు పేపరు పంపిన మనిషిని నేనే అనుకోండి. మీ సీరియల్ కాదు, ఇంకొకటి. ఆరేళ్లు రాశాను. గురువారం రేటింగ్ వస్తుంది. రాత్రి పదింటికి ఫోను వస్తుంది, అత్త పాత్రను మంచిదాన్ని చేయాలి, రేపటి సీన్లన్నీ మార్చాలి అని. తెల్లవార్లూ రాస్తాను. ఏడో నెల కడుపుతో వంటగదిలో నిలబడి రాశాను, కూర్చుంటే నిద్ర వస్తుందని. పొద్దున పంపిన దాన్ని చానల్ వాళ్లు చదివి, మార్చమని, మళ్లీ మార్చమని, ఒంటిగంటకు సరే అంటారు. అక్కడ అందరూ నన్ను తిట్టుకుంటున్నారని నాకు తెలియదా? ఎపిసోడుకు ఇంత అని మాట్లాడుకున్న డబ్బు ఏడాది వెనక నడిచేది. ఎనిమిది నెలలు టైటిల్స్‌లో నా పేరే లేదు.

రచయితకు ముందు సమయం ఇచ్చి, జీతమిచ్చి, పేరు వేసి, ఆ తరువాత కెమెరా తీయండి అన్న కంపెనీ ఒకటి ఎక్కడో ఉందని చదివితే, నాకు అది షేరు ధర కాదు. ఒక కొరియా అమ్మాయికి నా రాత్రులు తప్పాయని అర్థం. అందుకే దాని మీద మాట పడితే నాకు రోషం వస్తుంది. పేపరు వేళకు వస్తే మీ కుర్రవాడు కూడా ఎనిమిదింటికి ఇంటికి వెళ్లేవాడు. మన ఇద్దరి శత్రువు ఒక్కడే కదా?

కాల్‌షీటు · 2:10

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లూ నేను తిట్టుకున్న రచయితల్లో మీలాంటివారు ఉండే ఉంటారు. అందుకు క్షమించండి.

కానీ మీ చివరి మాట ఒప్పుకోలేను. పేపరు వేళకు వస్తే కుర్రవాడు ఇంటికి వెళ్తాడన్నారు. ఆర్త్‌డాల్‌కు రాసింది మీరు మెచ్చుకున్న కేపీజే జంటే. ఫిర్యాదు పడింది ఏప్రిల్‌లో, ప్రసారం మొదలైంది జూన్ 1న. అంటే ఆ వారమే చానల్‌కు అందించాల్సిన భాగం ఏదీ లేదు. రాసేవాళ్లు ఉన్నారు, డబ్బుంది, వ్యవధి ఉంది. మీరు కోరుకున్నవన్నీ ఉన్నాయి. మరి ఆ 151 గంటలు దేనికి? నింపాది రచయిత దగ్గర మొదలై కెమెరా దాకా వచ్చి ఆగిపోయింది. లైటు దాకా రాలేదు.

సువన్ నుంచి · 2:38

కొరియాలో ఉంటాను, సినిమా రంగం కాదు. కాల్‌షీటు గారి ప్రశ్నకు ఇక్కడి వార్తల్లో చదివినది చెబుతాను. లైటింగ్, కెమెరా సహాయం, ఇలా ఒక్కో విభాగాన్ని టీమ్ పెద్దతో మొత్తంగా మాట్లాడేసుకుంటారు. మన మాటలో గుత్త. కింద పనిచేసే వాళ్లకు కంపెనీతో విడిగా ఒప్పందం ఉండదు, ఓవర్‌టైమ్ ఉండదు. 2018లో కార్మిక శాఖ పరిశీలించి ఆ కిందివాళ్లలో ఎక్కువమంది కార్మికులేనని తేల్చింది. టీమ్ పెద్దను మాత్రం యజమాని కింద లెక్కవేసింది. దాంతో గంటలకు జవాబుదారీ కంపెనీ నుంచి ఆ పెద్ద మీదికి జారింది. అతనూ నిన్నటిదాకా లైటు మోసినవాడే. అదే ఏడాది చట్టం మారి వారానికి 52 గంటల పరిమితి వచ్చింది, ప్రసార రంగానికి ఉన్న మినహాయింపు పోయింది. గుత్త మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

పద్దుపుస్తకం · 3:05

ఇది పొద్దున్నే చెప్పి ఉంటే నేను 168లోంచి తీసివేతలు చేసేవాణ్ని కాదు. విదేశంలో యూనిట్‌కు ఒక్కో రోజుకు హోటలు, భోజనం, వాహనాలు. రోజు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. గుత్త కాబట్టి గంట పెరిగితే ఖర్చు పెరగదు. ఏ అకౌంటెంటును కూర్చోబెట్టినా పది రోజుల పనిని ఏడు రోజుల్లోకి నొక్కమనే చెబుతాడు. నేను ఇరవై ఏళ్లు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇదే చెప్పాను.

151 సాధ్యమేనని ఒప్పుకుంటున్నాను.

రెల్లుపూలు · 4:20

నేను కొంతే ఒప్పుకుంటాను. సమయం కిందికి దిగలేదన్నది నిజం. దిగుతుందని నేనే ఊహించుకున్నాను, నా కష్టం ఒక్కటే కష్టమన్నట్టు. కానీ రచయితకు దక్కిన దాన్ని కీడు అనలేను. కీడు అంటే రేపు ఇక్కడి వాళ్లు ఏమంటారో తెలుసా? "చూశారా, కొరియాలో రచయితలకు అంత ఇస్తే ఏమైందో" అంటారు. నాకు అలవాటైన మాటలే అవి. ఓవర్‌టైమ్ ఇవ్వమని అడగండి, గుత్త తీసేయమని అడగండి, మీ పక్కన నేనూ సంతకం పెడతాను. రచయిత గదిలో ఫ్యాను మాత్రం తీయకండి.

కాల్‌షీటు · 4:31

తీయమని ఎవరన్నారమ్మా. షెడ్డులో కూడా ఒకటి పెట్టమంటున్నాను.

రెల్లుపూలు · 4:33

ఆ అబ్బాయి కాలు ఎలా ఉంది?

కాల్‌షీటు · 4:52

కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. లైట్లు మోయడం లేదు. మేడ్చల్ వైపు పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. అటు వెళ్లినప్పుడు బండి ఆపుతాను, టైర్లో గాలి ఉన్నా సరే.