బడిలో పాపను అంటరానిదానిలా చూస్తున్నారు, సలహా కావాలి

అనంతపురం, ప్రస్తుతం కవెంట్రీ:
అందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత ఇంగ్లండు వచ్చాం. మా పాపకు తొమ్మిదేళ్లు, ఇక్కడ ఇయర్ ఫైవ్‌లో చేర్చుకున్నారు. ఆటస్థలంలో కొందరు పిల్లలు ఒక ఆట మొదలుపెట్టారు. మా పాప చేయి ఎవరికి తగిలితే వాళ్లకు ‘మురికి’ అంటినట్టు. వాళ్లు పరుగెత్తి దాన్ని ఇంకొకరికి అంటించాలి. క్లాసు టీచర్‌కు చెబితే, పిల్లలాట, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందన్నారు. ఊళ్లో మా నాన్న కూడా పరాయి దేశంలో మనమే తగ్గి ఉండాలంటున్నారు. నేను వర్క్ వీసా మీద ఉన్నాను. ఫిర్యాదు చేస్తే దానికేమైనా ఇబ్బంది వస్తుందా?

కర్నూలు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్:
తమ్ముడూ, ముందు ఆ భయం వదిలేయి. బడికి ఇచ్చే ఫిర్యాదుకూ నీ వీసాకూ ఏ సంబంధమూ లేదు.

ఇక ఆ ఆట సంగతి. మన పల్లెల్లో టీ కొట్టు చూరులో కొందరి కోసం వేరే గ్లాసు ఎందుకు దోపి ఉండేదో తెలిసినవాళ్లం మనం. ఈ ఆట ఏమిటో మనకు ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు. టీచర్‌కు తెలియకపోతే తెలియజెప్పాలి.

1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడిని బస్టాపు దగ్గర తెల్లజాతి యువకుల గుంపు పొడిచి చంపింది. ఆ కేసులో పోలీసుల తీరుపై జరిగిన విచారణ నివేదిక, మ్యాక్‌ఫర్సన్ నివేదిక, 1999లో వచ్చింది. బాధితులకు గానీ, మరెవరికైనా గానీ జాతి వివక్షగా అనిపించిన ఏ సంఘటననైనా ‘రేసిస్ట్ ఇన్సిడెంట్’గానే లెక్కించాలని అందులో ఉంది. చేసినవాళ్ల ఉద్దేశం ఏమిటన్నది ఆ తర్వాత తేల్చుకోవలసిన విషయం. బడికి రాసే నీ ఉత్తరంలో ‘రేసిస్ట్ ఇన్సిడెంట్’ అన్న ఆ రెండు మాటలూ ఉండాలి. లేకపోతే దాన్ని పిల్లల మధ్య స్నేహం చెడిందని రాసి ఫైలు మూసేస్తారు.

ఉత్తరంలో ఏడుపు, కోపం వద్దు. ఏ రోజు, ఏ విరామంలో, ఎవరు ఏమన్నారు, పాప చెప్పిన మాటలు చెప్పినట్టే రాయి. మధ్యాహ్నం భోజనాల వేళ ఆటస్థలంలో ఉండేది చాలా బడుల్లో టీచర్లు కాదు, వేరే సిబ్బంది. ఆ పూట ఎవరున్నారని తప్పకుండా అడుగు. దీన్ని ఏమని నమోదు చేశారో కూడా అడుగు. ఇంగ్లండులో బడి ఇలాంటివాటిని కౌన్సిలుకు, అంటే స్థానిక ప్రభుత్వానికి, తెలపడం తప్పనిసరి కాదు, నువ్వు అడగకపోతే కాగితం మీద ఏమీ మిగలదు.

ప్రొద్దుటూరు, ప్రస్తుతం లెస్టర్:
అక్క చెప్పినదాంట్లో ఒక్కటి నేను ఒప్పుకోను. మొదటి రోజే ఉత్తరం పెడితే బడివాళ్లు బిగుసుకుపోతారు. ముందు హెడ్‌టీచర్‌ను కలిసి మాట్లాడు. మంచి మనిషైతే వారంలో ఆట ఆగిపోతుంది.

పాప విషయం కూడా చూసుకోవాలి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ ఆ కథ చెప్పించకండి. అమ్మానాన్నలకు చెప్పలేనిది ఉంటే పిల్లలే ఫోన్ చేసుకోవడానికి చైల్డ్‌లైన్ ఉంది. నంబరు 0800 1111, డబ్బులేమీ పడవు.

కటువుగా ఉన్నా ఇంకో మాట. మా వీధిలో ఒక తెలుగు కుటుంబానికి ఆ మధ్య బడి నుంచి పిలుపొచ్చింది. వాళ్ల అబ్బాయి తోటి సోమాలీ పిల్లవాడిని రంగు పేరుతో ఏదో అన్నాడట. ఆ మాట వాడికి బడిలో దొరకలేదు, ఇంట్లో భోజనాల దగ్గర దొరికింది. నల్లవాళ్ల గురించి, పాకిస్తానీల గురించి మనవాళ్లు నోటికొచ్చినట్టు మాట్లాడి, బడికెళ్లి వివక్ష అంటే ఎవరు వింటారు?

కర్నూలు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్:
సరే, ముందు మాట్లాడనీ. కానీ ఆ సాయంత్రమే ‘ఈ రోజు మనం అనుకున్నవి ఇవి’ అని ఈమెయిల్ పెట్టాలి. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు.

హెడ్‌టీచర్ దగ్గర పని జరగకపోతే గవర్నర్లకు, అంటే బడి పాలకమండలి సభ్యులకు, రాయాలి. ఆ పద్ధతంతా బడి వెబ్‌సైటులోనే ఉంటుంది. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం బడులకూ వర్తిస్తుంది. పిల్లలు పిల్లలను అన్న మాట నేరుగా దాని కిందికి రాదు. బడి జాతిని బట్టి తేడా చూపిస్తే వస్తుంది. తెల్ల పిల్ల ఏడిస్తే వెంటనే కదిలి, నీ పిల్ల ఏడిస్తే ఊరుకోవడం అలాంటిదే. కోర్టుకు వెళ్లాలంటే ఆరు నెలల లోపే. అంతవరకూ రాదనుకో. అయినా మా ఊరు బర్మింగ్‌హామ్‌లోనే, తలపాగా తీయనన్నందుకు ఒక సిక్కు పిల్లవాడిని ప్రైవేటు బడి చేర్చుకోకపోతే, ఆ తండ్రి పోరాడి 1983లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచాడు. మాండ్లా కేసు అంటారు.

అనంతపురం, ప్రస్తుతం కవెంట్రీ:
అక్కా, అన్నా, ధన్యవాదాలు. గురువారం హెడ్‌టీచర్ సమయం ఇచ్చారు. పాపను కూడా తీసుకెళ్లాలా? మా ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు, తను ఇంట్లోనే ఉంటానంటోంది.

కర్నూలు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్:
పాప వద్దు. ఆమె మాత్రం రావాల్సిందే. రోజూ సాయంత్రం గేటు దగ్గర పాప ముఖం చూస్తున్నది ఆమే. తెలుగులోనే చెప్పమను, నువ్వు పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పు. దుబాసీ కావాలంటే ఈ రోజే బడి ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు, గురువారం పొద్దున అడిగితే దొరకరు.