అగరుబత్తి పొగ నా ముఖం మీదికే వస్తోంది. ఆడిట్‌లో చెప్పవచ్చా?

ఎర్రగుంట్ల కెమిస్టు:
కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర చిన్న ల్యాబులో పనిచేస్తున్నాను. సున్నపురాయి, సిమెంటు నమూనాలు పరీక్షిస్తాం. వచ్చే నెల ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ అసెసర్లు తనిఖీకి వస్తున్నారని మా యజమాని హడావుడి అంతా ఇంతా కాదు. గోడలకు వెల్ల వేయించారు. తలుపు పక్కన కళ్లు కడుక్కునే కుళాయి బిగించారు. దానికి నీళ్ల పైపు మాత్రం ఇంకా కలపలేదు.

సిలికా శాతం చూడడానికి ప్లాటినం క్రూసిబుల్‌లో (చిన్న గిన్నెలో) హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వేసి ఆవిరి చేసేది నేనే. ఆ ఆవిరిని బయటికి లాగవలసిన ఫ్యూమ్ హుడ్ ఫ్యాను మోత రోడ్డు దాకా వినిపిస్తుంది గానీ గాలి లాగదు. మొన్న పని ముగిశాక అగరుబత్తి వెలిగించి హుడ్ అంచున పట్టుకున్నాను. లోపలికి పోవలసిన పొగ నా ముఖం మీదికే వచ్చింది. యజమానికి చూపిస్తే, "ఆడిట్ కానివ్వు, ముందు రికార్డులు రాయి" అన్నారు. అసెసర్లతో నేనే చెబితే గుర్తింపు ఆగిపోతుందా? ఆ తరువాత నన్ను ఉండనిస్తారా?

కర్నూలు క్వాలిటీ మేనేజర్:
తమ్ముడూ, మీకు వచ్చేది ఐఎస్‌ఓ 17025 గుర్తింపు. 2017 నాటి ఆ ప్రమాణం ప్రధానంగా చూసేది మీ ఫలితాన్ని నమ్మవచ్చా అన్నదే. మీ ఊపిరితిత్తుల బాధ్యత చట్టానిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పోయి, 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పనిచోట ప్రమాదాలు లేకుండా చూడవలసింది యజమానే.

అయినా 17025లోనూ ఒక దారి ఉంది. గదిలోని పరిస్థితులు ఫలితాన్ని చెడగొట్టకూడదని 6.3 క్లాజు అంటుంది. హుడ్ లాగని ఆమ్లపు ఆవిరి ఎక్కడికి పోతుంది? మీ తూకం మీదికే. పళ్లెం మీద మచ్చలుంటే అంతర్గత ఆడిట్‌లోనే రాసి సంతకం చేయించండి. లోపాన్ని ల్యాబే పట్టుకుని సరిచేస్తుంటే అసెసర్లకు పేచీ ఉండదు. దాచినది దొరికితేనే చిక్కు.

అనంతపురం కెమిస్ట్రీ మేష్టారు:
ఆడిట్ సంగతి అటుంచండి. మీ బల్ల దగ్గర హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పడినచోట రాసే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉందా? ఈ ఆమ్లం పలచగా ఉంటే పడిన వెంటనే మంట తెలియదు. గంటలు గడిచాక ఎముక సలుపుతుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండెకే ముప్పు. పలచని తొడుగులను నమ్మకండి, మందపాటి నియోప్రీన్‌వి కొనిపించండి. ఒంటిమీద పడితే వెంటనే నీళ్లతో కడిగి, జెల్ రాస్తూనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఊరికే "యాసిడ్" అనకుండా పూర్తి పేరు చెప్పాలి. నీళ్లు రాని ఆ కుళాయి పక్కన ఈ ఆమ్లం సీసా తెరవడమే తప్పు.

ఎర్రగుంట్ల కెమిస్టు:
కర్నూలు అన్నగారూ, తమ్ముడిని కాదు, చెల్లెలిని. తూకం పళ్లెం తీసి చూశాను. అంచున గోధుమరంగు మచ్చలు మూడు ఉన్నాయి. ఫొటో తీసి 6.3 కింద రాసి యజమాని బల్ల మీద పెట్టాను. మేష్టారూ, జెల్ ఇక్కడి మందుల షాపుల్లో లేదు. ప్రొద్దుటూరు నుంచి తెప్పిస్తామన్నారు. హుడ్ బాగయ్యేదాకా సిలికా నమూనాలు ముట్టనని చెప్పేశాను. ఆయన కాగితం చూశారు గానీ ఇంకా ఏమీ అనలేదు. ప్లంబర్‌కు ఫోను చేస్తున్నట్లు మాత్రం వినిపించింది.